ఆవిరి బీడీ

సక్కుబాయి ఒకే నెలలో మూడోసారి గ్లిజరిన్ సీసా కోసం నా మెడికల్ షాపు మెట్లెక్కినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మా గల్లీలో గ్లిజరిన్ కొనేది చలికాలంలో, కాళ్ళ పగుళ్ళకు. ఒక్క సీసా కొంటే ఇంటిల్లిపాదికీ శివరాత్రి దాటేదాకా వస్తుంది. అది జూన్ నెల.

"కాళ్ళకు రాస్తున్నవా, తాగుతున్నవా అక్కా?" అని అడిగాను.

"నాకు కాదు. మీ బావకు."

"బావ కాళ్ళకేమైంది?"

"కాళ్ళకు కాదు పద్మా. ఆవిరి బీడీల పోస్తున్న."

ఆ పని ఎంత ప్రమాదమో నాకు అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు. వారం తిరక్కుండానే అర్థమైంది. అర్థమయ్యాక నాలుగోసారి వచ్చినప్పుడు సీసా లేదని పంపించేయాల్సింది. ఇచ్చాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎవరి తప్పెంతో తేల్చడానికి నేను కూర్చోలేదు గానీ, నా వాటా నాది.

సిరిసిల్లలో మా గల్లీకి రెండు చప్పుళ్ళు. ఒకటి సాంచాలది. మరమగ్గాలను మేం సాంచాలంటాం, అవి మగవాళ్ళ పని. రెండోది కత్తెరది. అరుగుల మీద కూర్చుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడవాళ్ళది. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మొదటి దానికి చెవులు మూసుకుంటారు, రెండోది వాళ్ళకు వినిపించనే వినిపించదు.

సక్కుబాయి పుట్టింది భీవండిలో. వాళ్ళ నాన్న సాంచాలు నడపడానికి అక్కడికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. పదిహేడేళ్ళకు పరశురాములు బావను చేసుకుని సిరిసిల్ల వచ్చేసరికి ఆమెకు తెలుగు కన్నా మరాఠీ బాగా వచ్చు, బీడీ మాత్రం చేయడం రాదు. పెళ్ళయిన మూడో రోజే అత్తగారు ఒళ్ళో ఆకూ తంబాకూ పోసిన చాట పెట్టింది. మొదటి నెల ఆకు కన్నా వేళ్ళే ఎక్కువ కోసుకుందట. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు ఆ చాట ఒళ్ళోంచి దిగలేదు.

ఆమె వేళ్ళు చూసి తీరాలి. చిటికెడు తంబాకు తీసిందంటే, పొద్దున మొదటి బీడీకి ఎంతో సాయంత్రం ఆఖరి బీడీకీ అంతే. కళ్ళు మూసుకుని చుట్టగలదు, కానీ ఒక్కనాడూ కళ్ళు మూసుకోలేదు, తల ఎత్తనూ లేదు. ఎవరు పలకరించినా చాటలోకి చూస్తూనే జవాబు. "తల ఎత్తితే లెక్క తప్పుతది" అనేది. ఇరవై ఏళ్ళుగా ఎదురుగా ఉన్న నాకు ఆమె ముఖం కన్నా నడినెత్తిన పాపిటే బాగా గుర్తు. పాపిట ఎప్పుడు పలచబడిందో, ఎప్పుడు నెరిసిందో నేను చెప్పగలను.

బావ ఎనిమిది సాంచాలు నడిపేవాడు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ దారంపోగులు అంటుకున్న చొక్కాతో ఉండేవాడు. బీడీ కార్ఖానాలో సరుకు సరిచూసే చెకర్ బాగా లేవని తీసేసిన బీడీలు సక్కుబాయి ఇంటికి తెచ్చేది. పెళ్ళయిన దగ్గర నుంచి ఆయన తాగినవి అవే. పరాయి చేతి బీడీ ముట్టేవాడు కాదు. మొదటి దమ్ముకే పెళ్ళాం చేతిదో కాదో చెప్పేస్తానని హోటల్ కాడ చాయ్ తాగుతూ పందాలు కట్టేవాడు, గెలిచేవాడు కూడా.

ఇంకో సంగతి. సక్కుబాయికి పొగాకు వాసన తెలియదు. ఆమె ఇంట్లో అడుగుపెడితే నాకు వరసగా నాలుగు తుమ్ములు వస్తాయి. "జలుబా?" అని అడిగేది. ముప్పై నాలుగేళ్ళు అందులోనే మునిగి ఉన్న ముక్కుకు అది గాలితో సమానం అయిపోయింది.

రెండో కరోనాలో ఇద్దరూ పడ్డారు. ఆమె వారంలో లేచి చాట అందుకుంది. ఆయన తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి, సగం మనిషై ఇంటికొచ్చాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సాంచాల పని ఆగిపోయింది. రెండేళ్ళు అలాగే ఈడ్చుకొచ్చాక, ఒక వేసవిలో కరీంనగర్ డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించి చెప్పాడట: "సగం ఊపిరితిత్తులు పోయాయి. నూలు దుమ్ము కొంత, బీడీ కొంత, కరోనా కొంత. మిగతా సగం ఉండాలంటే బీడీ ఇవాళే మానెయ్యాలి. మానకపోతే వచ్చే చలికాలం నేను పూచీ పడను."

ఆయన నాలుగు రోజులు మానాడు. చేతులు వణికాయి, అన్నం పళ్ళెం విసిరేశాడు, ఎన్నడూ లేనిది సక్కుబాయిని తిట్టాడు. ఐదో రోజు ఆమె నా దగ్గరికొచ్చి బల్ల పట్టుకుని నిలబడింది.

"ఒక బీడీ తక్కువొచ్చింది పద్మా."

"వస్తే వచ్చింది."

"నేనెన్నడు తప్పలే. ఆయిన తీసిండు. నీళ్ల టాంకి ఎనుక కూసోని తాగుతుండు. నన్ను జూసి పిలగానోలె దాసిపెట్టుకున్నడు." బల్ల వంకే చూస్తూ, "నా చేతివే తాగి గిట్లయిండు," అంది.

"నూలు దుమ్ము కూడ నీ చేతిదేనా? కరోనా కూడ నువ్వే చుట్టినవా?" అని కసిరాను. నాకు ఓదార్చడం రాదు, కసరడమే వచ్చు. ఆమె వినలేదు. 'నా చేతివే' అన్న మాట ఆమెలో ఆ రోజే దిగబడిపోయింది. చాట వదిలేద్దామంటే, ఇల్లు ఇప్పుడు దాని మీదే నడుస్తోంది.

అప్పుడే భీవండి నుంచి ఆమె తమ్ముడు ప్రేమ్‌సాగర్ వచ్చాడు. మిఠాయిలకూ సోడాలకూ పాన్ మసాలాలకూ కలిపే చిక్కటి ఫ్లేవర్ల డబ్బాలు నిలవచేసే గోదాములో అతనికి పని. సిగరెట్ మానడానికి అతనే ఒక వేప్ వాడాడట. ఇంతింత పొడుగు పైపు. అందులో తియ్యటి నీళ్ళు పోసి పీలిస్తే పొగకు బదులు ఆవిరి వస్తుంది. సర్కారు ఎప్పుడో బంద్ పెట్టిన సామాను, అందుకే దాన్ని సాక్సులోంచి బయటికి తీశాడు.

"గిది స్ట్రాబెర్రీ బావా. గుంజు" అని ఇచ్చాడు.

బావ గుంజాడు. "నాకు పండ్లెందుకురా? నాకు బీడీ కావాలె" అని తిరిగిచ్చేశాడు.

నేనూ అక్కడే ఉన్నాను. పండు వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆ వాసన బాగుందని గానీ బాగా లేదని గానీ బావ అనలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు ఎవరికీ తట్టలేదు.

"బీడీ వాసనొచ్చేటట్టు నేనే కలుపుత" అంది సక్కుబాయి.

ప్రేమ్‌సాగర్ ఫోనులో చూపించాడు, కాగితం మీద మరాఠీలో రాసిచ్చాడు. గ్లిజరిన్ ఎంత, ఫ్లేవర్ చుక్కలెన్ని, నికోటిన్ మందు ఎంత. లవంగం, కాల్చిన చక్కెర, ఎండుగడ్డి, పొగ, తంబాకు అని రాసిన చిన్న చిన్న సీసాలు వదిలి వెళ్ళాడు. తర్వాత అయిపోయినవి బస్సు డ్రైవరు చేత పంపించేవాడు. డాక్టరుకు చెప్పమని నేనన్నాను. "చెప్తే తిడ్తడు" అంది. ఆ తిట్టేదో అప్పుడే తినుంటే పోయేది.

మొదటి సీసాలో ఆమె తమ్ముడిచ్చిన ఫ్లేవర్ పోయనేలేదు. సీసాలోది నకిలీ, అసలైంది నా చాటలో ఉండగా ఇది ఎందుకు అనుకుని, బీడీ తంబాకునే గ్లిజరిన్‌లో నానేసి వడగట్టి పోసింది. బీడీ చేసేవాళ్ళకు తప్ప ఇంకొకరికి ఈ బుద్ధి పుట్టదు. పైపు మాడి జిగురు పట్టింది, బావ గంటసేపు కళ్ళు తేలేసి దగ్గాడు. రెండోసారి, నేనిచ్చిన రబ్బరు తొడుగులు తీసి అవతల పెట్టి మందు కలిపింది. తొడుగులుంటే వేళ్ళకు లెక్క తెలియదట. మందు చర్మంలోకి దిగి, కళ్ళు తిరిగి, సాయంత్రం దాకా వాంతులు చేసుకుంది. నేను వెళ్ళి నోటికొచ్చినట్టు తిట్టాను. మూడోసారి నుంచి తొడుగులు తీయలేదు.

ఇక వాసన మిగిలింది. అది ఆమెకు తెలియదు కదా.

"నువ్వే చెప్పాలె. నువ్వు చెప్పినట్టు కలుపుత" అంది బావతో.

అలా మొదలయ్యాయి ఆ మధ్యాహ్నాలు. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి మూడింటికి ఇంటికొచ్చేది. మునుపు అన్నం తిన్న చేత్తోనే మళ్ళీ చాట అందుకునేది. ఇప్పుడు చాట గోడకు నిలబెట్టి, బావ మంచం ముందు పీట వేసుకుని కూర్చునేది. నాలుగు చుక్కలు అది, రెండు చుక్కలు ఇది కలిపి, ఊపి, పైపులో పోసి ఇచ్చేది. ఆయన పీల్చి, కళ్ళు మూసుకుని, పెద్ద పంచాయితీ తీర్పు చెప్పేవాడిలా ఆలోచించేవాడు. ఆమె ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చునేది.

"ఆకు కాలిన వాసన జర తక్కువున్నది."

"లవంగం ఎక్కువైందా?"

"లవంగం ఎక్కువైంది. నిన్నటిదే మంచిగుండె."

మళ్ళీ కలిపేది. మళ్ళీ చూసేది. పొద్దు గూకేదాకా అదే పని. వాళ్ళ తలుపు నా షాపుకు ఎదురుగానే కాబట్టి నాకంతా కనిపించేది. ఉన్న మాట చెబుతున్నాను, నాకు కాస్త కుళ్ళు పుట్టింది. మా ఆయన నా ముఖంలోకి అంతసేపు చూసింది ఒక్క పెళ్ళిచూపుల్లోనే.

సక్కుబాయి ఇంకో పని కూడా చేసింది. సీసా మెడకు బీడీ దారం కట్టి ముడులు వేసేది. మొదటి సీసాకు ఏడు ముడులు. పదిహేను రోజులకో ఇరవై రోజులకో నికోటిన్ మందు కాస్త తగ్గించి ఒక ముడి తక్కువ వేసేది. బావకు తెలియకుండా, వాసన వెనకాల దాచి, మందును మెల్లగా మాయం చేయాలని ఆమె ఎత్తు. నా దగ్గరికొచ్చి ముడుల సంఖ్య మాత్రం చెప్పి వెళ్ళేది. ఆరు. ఐదు. శ్రావణంలో నాలుగు. బీడీల లెక్క మళ్ళీ ఒక్కసారీ తప్పలేదు. ఆయన బీడీ ముట్టలేదన్నమాట.

దసరాకు వారం ముందు వచ్చి, "ఇగ ముడి లేదు పద్మా" అంది. ఆ రోజు ఆమె తల ఎత్తి నవ్వింది.

"అయితే ఇంకెందుకు? ఆ పైపు మానేరు వాగుల పారెయ్."

"వాసన ఇంకా కుదరలే. జర తక్కువున్నదంటుండు. కుదరకుంటే మల్ల బీడీ దిక్కు పోతడేమో. ఒక గ్లిజరిన్ ఇయ్యి."

ఇచ్చాను.

దసరా వెళ్ళిన మూడో రోజు షాపులో నీలగిరి తైలం పెట్టె నా చేతిలోంచి జారింది. పన్నెండు సీసాలు. వాసన గల్లీ మలుపు దాకా పోయింది. నా కళ్ళు ధారగా కారుతున్నాయి, మందు కోసం నిలబడ్డ ఇద్దరు ముక్కు మూసుకుని బయటికి ఉరికారు. ఆ వాసనలోకి పరశురాములు బావ మెల్లగా నడిచొచ్చి, బల్లకు ఆనుకుని ఆయాసం తీర్చుకుని, "పీల్చే మందు అయిపోయింది పద్మా, ఒకటియ్యి" అన్నాడు. నా కళ్ళు చూసి, "ఎందుకేడుస్తున్నవు?" అని కూడా అడిగాడు.

కింద పగిలిన సీసాలు చూపించాను.

"బావా, నీకు వాసన రాదా?"

ఆయన వెనక్కి తిరిగి తమ తలుపు వైపు చూశాడు. సక్కుబాయి కార్ఖానాకు పోయి ఉంది.

"కరోన పోయేటప్పుడు అది గూడ తీస్కపోయింది. మల్ల రాలే."

"మరి లవంగం ఎక్కువైంది, ఆకు తక్కువైంది అని రోజూ చెప్పేది?"

"ఏదో ఒకటి అంట." నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "అంటె మల్ల కలుపుతది. ముప్పై నాలుగేండ్ల సంది దాని పాపిటనే సూసిన పద్మా. అన్నం పెట్టంగ గూడ చాట దిక్కే సూస్తుండె. తప్పు దానిది గాదు, నేను గూడ సాంచాల కాడ్నే సచ్చిన. గిప్పుడు నేను పీల్సంగనె నా మొఖం దిక్కు సూస్తది. ఏమంటనో అని సూస్తది. దాని కండ్లు గంత మంచిగుంటయని నాకు ఎరుకలే. కుదిరిందంటె ఇగ లేసి చాట కాడికి పోతది."

"అందులో మందు కూడ లేదు తెలుసా?"

"ముడులు నాకు లెక్క రావా? దారం పనే కద నేను జేసింది." ఇన్‌హేలర్ జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు మాత్రం చెప్పకు. నీ కాల్మొక్త."

చెప్పనన్నాను. ఆ రోజంతా నా మనసు తేలిగ్గా ఉంది. మాత్రలు కత్తిరిస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. సగం ఊపిరితిత్తులున్న మనిషి ఆ మిగిలిన సగంలోకి రోజూ మూడు గంటలు చిక్కటి ఆవిరి పంపిస్తున్నాడనీ, దానివల్ల అతనికి వీసమెత్తు లాభం లేదనీ నాకు తెలుసు. తెలిసీ, ముచ్చటగా ఉందని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

డిసెంబరులో మా మానేరు వైపు నుంచి చలి దిగింది. బావకు జ్వరం పట్టుకుంది. రెండో రోజు మధ్యాహ్నం కూడా సక్కుబాయి పీట వేసుకుని కూర్చుంది. ఆయన ఒకే ఒక్క దమ్ము పీల్చి, పైపు ఆమె చేతికి ఇచ్చేసి, "ఇగ ఇదే. ఇదే నీ బీడీ. కుదిరింది" అన్నాడట. ఆమె పరుగెత్తుకొచ్చి నాకు చెప్పింది. కుదిరిందని సంబరంగా చెప్పింది. ఇక చాట దగ్గరికి పొమ్మని ఆయన ఆమెను విడిచిపెట్టాడని నాకొక్కదానికే తెలుసు.

ఆ సాయంత్రమే కరీంనగర్ తీసుకెళ్ళారు. దవాఖానాలో అడుగుతాడేమోనని సక్కుబాయి ఆ పైపునూ సీసానూ గుడ్డ సంచీలో పెట్టుకుని వెళ్ళింది. డ్యూటీలో ఉన్న డాక్టరు కంట అది పడింది.

"ఇందులో ఏం పోశారు? ఎవరు కలిపారు?"

"నేనే సారు."

"జిగురునీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పంపిస్తే ఏమవుతుందనుకున్నావమ్మా? బీడీ మాన్పించి ఇది తాగించావా?" వార్డంతా వినేలా అన్నాడు.

బావ తొమ్మిదో రోజు పోయాడు. దవాఖానా కాగితం నేను మూడుసార్లు చదివాను. న్యుమోనియా అని ఉంది, పాత ఊపిరితిత్తుల జబ్బు అని ఉంది. ఆవిరి మాట ఎక్కడా లేదు. మా షాపు మీదుగా పోయే ఇంకో డాక్టరును ఆపి అడిగాను. అదే కారణమని చెప్పలేం, కాదనీ చెప్పలేం అన్నాడు. సక్కుబాయికి మాత్రం వార్డులో విన్న మాటే కాగితం.

కర్మకాండ అయిన మర్నాడు, మధ్యాహ్నం మూడింటికి ఆమె ఆ గుడ్డ సంచీ తెచ్చి నా బల్ల మీద బోర్లించింది. ఇరవై దాకా చిన్న సీసాలు. అందులోంచి సగం నిండి ఉన్నదాన్ని తీసి మూత విప్పింది.

"వాసన సూడు."

"ఎందుకక్కా ఇప్పుడు?"

"నాకు తెల్వది కద. ఆయిన కుదిరిందన్నడు. నువ్వు సూసి నిజం చెప్పు. నా చేతి బీడీతోని కాకుంటె నా చేతి నీళ్లతోని పోయిండు. నడుమ గిదొక్కటన్న సక్కగ జేసిన్నా లేదా?"

వాసన చూశాను. మాడిన చక్కెరా లవంగమూ కలిసి, ఎప్పుడో మూత తీసిన దగ్గు సిరప్ వాసన. బీడీకీ దానికీ సంబంధమే లేదు. 'అచ్చం బీడీనే' అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయనకు ఆమె అంటే ఎంత ఇష్టమో తెలిస్తే ఏడుస్తుంది, ఏడిస్తే బరువు దిగుతుంది అనుకున్నాను. మందులమ్మేవాళ్ళకు ఇలాంటి తెలివి కాస్త ఎక్కువే. అంతా చెప్పేశాను. నీలగిరి తైలం సంగతి, వాసన పోయిన సంగతి, ముడులు లెక్కపెట్టిన సంగతి, పాపిట సంగతి, కళ్ళ సంగతి.

ఆమె ఏడవలేదు. తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. నిజంగానే మంచి కళ్ళు.

"నీకు దసర సంది ఎరుక," అంది.

"ఎరుక."

"గప్పటికి మందు లేదు. ఉత్త నీళ్లు."

"అవును."

ఆమె సీసా మూత బిగించింది. బిగిసిన మూతనే ఇంకా ఇంకా తిప్పుతూ ఉంది.

"ఒక్క మాట చెప్తే, గా సీస పక్కకు పెట్టి ఉత్తగనే కూసుందును కద పద్మా. ఆయిన ముందల ఉత్తగనే కూసుందును."

సీసా బల్ల మీద పెట్టేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను ఆ సీసాలను ముడులున్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు పెట్టాను. ముడి లేనివి ఆరు. ఆ ఆరింటిలోనూ పోసిన గ్లిజరిన్ నా షాపులోదే.